వణికిన చెయ్యి

తాండూరు,
18 జనవరి 1960

తమ్ముడు కిష్టప్పకు అక్క బుగ్గమ్మ రాసేది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని రాహేలమ్మ టీచరమ్మ నేర్పింది. క్షేమంగా లేము కాబట్టి రాయడం లేదు. మీ బావను దొంగ అన్నారు. సంగతి మొదటి నుంచి వరుసగా చెబుతాను. నీకు అట్లా చెబితేనే బుర్రకెక్కుతుంది.

పోయిన సోమవారం ఉన్ని కత్తిరింపు. ఎరువు కోసం మన మందా శివయ్య మందా ఈసారి ఒకే రైతు చేనులో కట్టారు. కత్తిరించేటప్పుడు శివయ్య మన గొర్రెలు రెండింటి చెవులు పట్టుకుని చూశాడు. మన ఇంటి గుర్తు నీకు తెలుసు, ఎడమ చెవి కొసకు ఒక్క కోత. శివయ్య వాళ్ళ గుర్తు కొసకు కోత, కింది అంచున ఒక గంటు. మన ఆ రెండు గొర్రెలకూ కింద గంటు ఉంది. ఇన్నేళ్ళూ నేను చూడలేదు. మంద వెంట తిరిగేది మీ బావ, నాకు ఇంట్లో ఉన్ని వడకడమే సరిపోయింది. మూడేళ్ళ కింద వలసలో వానకు మందలు కలిసిపోయి శివయ్యవి రెండు పిల్లలు తప్పిపోయాయి. పిల్లలుగా పోయినవి, ఇప్పుడు మొహం చూసి గుర్తుపట్టేందుకు లేదు. రెండు పోయాయి, రెండు దొరికాయి అని శివయ్య కులపెద్ద హన్మయ్య తాత దగ్గరికి పోయాడు.

తాత మీ బావను పిలిచి, "జంగప్పా, గా గంటు ఎట్ల వచ్చింది?" అని అడిగాడట. గొర్రెలు నావే అన్నాడు గానీ గంటు మాటకు మీ బావ నోరు తెరవలేదు. అప్పుడు బీరప్ప గుడి ముందు నిలబెట్టి, కుడి అరచేతిలో పసుపు పోశారు. ఆ పసుపు, బీరప్ప బండారు, కింద పడకుండా గుడి చుట్టూ తిరిగి రావాలి. సగం తిరిగేసరికి చెయ్యి వణికి బండారంతా కాళ్ళ మీద పడింది. దొంగ చెయ్యి వణుకుతుందట. వణికింది కాబట్టి దొంగట.

ఇప్పుడు మాకు నిప్పు ఇవ్వరు, మాతో మంద కలపరు. ఉగాది ముందు గురువారం, మార్చి 24న, మళ్ళీ కూర్చుంటారు. ఆ రోజు తప్పు ఒప్పుకుని, రెండు గొర్రెలు శివయ్యకు ఇచ్చి, కులం కాళ్ళ మీద పడితే కలుపుకుంటారు. మీ బావ పడడు, పడాలని నేనూ అనను. కానీ కలుపుకోకపోతే ఉగాది దాటాక కాగ్నా ఏరు దాటి కన్నడం దిక్కు పోయే మందల్లో మా మంద ఉండదు. ఒంటిగా పోతే తోడేళ్ళ పాలు. ఇక్కడే ఉంటే ఎండాకాలం మేత లేదు. మంద అమ్ముకుని మీ బావ బండల గనిలో సుత్తె పట్టాలి. అరవై గొర్రెలను పేరు పెట్టి పిలిచే మనిషి గనిలో ఎన్ని రోజులు బతుకుతాడో నువ్వే చెప్పు.

ఈ వారం రోజుల్లో మీ బావ అన్నది ఒక్కటే మాట. "కిష్టప్పను రమ్మను." చదువుకున్నవాడివి, నీ మాటకు విలువ ఇస్తారని కాబోలు. ఆదివారం పాసింజరు ఎక్కితే గంటన్నర. రా.

అక్క, బుగ్గమ్మ


వికారాబాద్,
24 జనవరి 1960

అక్కకు,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. బావ మీద కాదు, నీ మీద కాదు, హన్మయ్య తాత చేసిన వాదం మీద. ఇంత పెద్దమనిషి ఇంత తప్పుగా ఎట్లా ఆలోచిస్తాడు? నేను ఈ ఏడు ప్రైవేటుగా పి.యు.సి. పరీక్షకు కూర్చుంటున్నానని నీకు తెలుసు కదా. అందులో తర్కశాస్త్రం ఒక పేపరు. ఆ పుస్తకం మొదటి పాఠంలోనే తాత తప్పు ఉంది.

జాగ్రత్తగా చదువు. వాదం సరైనదా కాదా అని చూసేటప్పుడు మాటలు నిజమా కాదా అని చూడకూడదు. మొదటి రెండు మాటలు ఒప్పుకుంటే మూడోది ఒప్పుకోక తప్పదా అన్నది చూడాలి. శివయ్య గొర్రెలన్నిటికీ గంటు ఉంది. ఈ రెంటికీ గంటు ఉంది. కాబట్టి ఇవి శివయ్యవి. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు ఇది చూడు. గొర్రెలన్నిటికీ నాలుగు కాళ్ళు. మీ ఇంట్లో మంచానికి నాలుగు కాళ్ళు. కాబట్టి మంచం గొర్రె. రెండూ ఒకే అచ్చులో పోసినవి. రెండోది తప్పైతే మొదటిదీ తప్పే. గంటు వేరే ఏ కారణం వల్లనైనా పడి ఉండొచ్చు.

చెయ్యి సంగతీ అంతే. దొంగైతే చెయ్యి వణుకుతుంది, వణికింది, కాబట్టి దొంగ. వాన పడితే నేల తడుస్తుంది, నేల తడిసింది, కాబట్టి వాన పడిందన్నట్టు ఉంది. కడవ ఒలికినా తడుస్తుంది కదా. జ్వరం వచ్చినవాడి చెయ్యి వణుకుతుంది, ముసలివాడి చెయ్యి వణుకుతుంది, చలికి వణుకుతుంది, పదిమంది చూస్తుంటే వణుకుతుంది. వెనక నుంచి ముందుకు తేల్చకూడదని తాతకు చెప్పు. ఈ ఉత్తరం తీసుకుపోయి ఆయన అరుగు మీద కూర్చుని నిదానంగా చదివి వినిపించు. వింటే ఒప్పుకోక తప్పదు.

ఆదివారం రావడం కుదరదు. కాలేజీ లెక్చరరు ఒకాయన నాకు ఆదివారాలే పాఠం చెబుతున్నాడు, అదీ బతిమాలితే. పైగా నేను పాఠాలు చెప్పే బడికి ఇన్‌స్పెక్షన్ ఉంది. ఉన్న ఒక్క తెల్లచొక్కా దానికోసం దాస్తున్నాను. రెండోది మూడేళ్ళ కింద దసరా సెలవుల్లో మీ దొడ్లో గొర్రెపిల్లలను పట్టుకున్నప్పుడు నెత్తురై పాడైంది. సబ్బు అరిగింది గానీ మరక పోలేదు.

బావను అధైర్యపడవద్దని చెప్పు. తర్కం మన వైపు ఉంది.

తమ్ముడు, కిష్టప్ప


తాండూరు,
6 ఫిబ్రవరి 1960

తమ్ముడికి,

నిన్ను రమ్మంటే పాఠం పంపావు. సరే, పంపినదాన్ని పారెయ్యలేదు. మూడుసార్లు చదివి, నాకు అర్థమైందని నమ్మకం కుదిరాకే తాత అరుగు దగ్గరికి పోయాను. ఆడదాన్ని, పైగా కులం వెలివేసిన ఇంటిదాన్ని, కింద నిలబడే చదివాను.

వానా కడవా దాకా తల ఊపాడు. మంచం దగ్గర ఆపాడు. "మంచం మేత మెయ్యది గదా బిడ్డా, గొర్రె ఎట్లయితది?" అన్నాడు. అందుకే కదా తాతా తప్పు అని నేనన్నాను. అట్లయితే మీ తమ్ముడు గొర్రెల మాట అడిగితే మంచం మాట ఎందుకు రాశాడు అన్నాడు. అరుగు మీద ఉన్న నలుగురూ నవ్వారు. శివయ్య మాత్రం నవ్వలేదు. గంటు వేరే కారణంగా పడొచ్చని మీ తమ్ముడు రాశాడు కదా, ఆ కారణం ఏందో చెప్పమను, లేకుంటే ఊరుకోమను అన్నాడు. నీ ఉత్తరంలో వెతికాను, దొరకలేదు.

నీ పాఠం నాకు ఎక్కలేదనుకోకు. ఏడ్చేవాళ్ళ కళ్ళు ఎర్రగా ఉంటాయి. నా కళ్ళు ఈ పదిరోజులుగా ఎర్రగా ఉన్నాయి. కాబట్టి ఏడుస్తున్నానని తేల్చకు. ఎవరూ నిప్పు ఇవ్వడం లేదు, పచ్చి కట్టెలతో నేనే రాజేసుకుంటున్నాను, ఆ పొగ.

నీ ఉత్తరం మీ బావకు కూడా చదివాను. అంతా విని, "వస్తడా, రాడా?" అని మాత్రం అడిగాడు. ఇప్పుడు రాడట అన్నాను. కర్ర తీసుకుని మంద దగ్గరికి పోయాడు.

ఇంకొకటి. ఆ చొక్కాకు నెత్తురు ఎట్లా అయిందని అప్పుడు అడిగితే ముళ్ళకంచె గీసుకుందని చెప్పావు. ఇప్పుడేమో గొర్రెపిల్లలంటున్నావు. ఏది నిజం?

పోనీ, రాలేకపోతే రాకు. మా బావ దొంగ కాదు అని ఒక్క వాక్యం రాసి, కింద నీ పేరూ బడి పేరూ వేసి పంపు. మంచాలూ కడవలూ వద్దు. ఆ ఒక్క వాక్యం చదివితే కనీసం ఇంటి అల్లుడి వైపు ఒకడున్నాడని తెలుస్తుంది.

బుగ్గమ్మ


వికారాబాద్,
13 ఫిబ్రవరి 1960

అక్కకు,

నువ్వు ఆ వాక్యం అడుగుతావని అనుకోలేదు. పాఠం అర్థమైందని రాశావు, కానీ ముఖ్యమైన సగం అర్థం కాలేదు. తప్పు నాదే, చెప్పలేదు.

వాళ్ళ వాదం తప్పు అన్నానే గానీ వాళ్ళు తేల్చిన మాట అబద్ధం అనలేదు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. తప్పు వాదం ఒక్కోసారి నిజమైన మాట దగ్గరికే తీసుకుపోతుంది. వికారాబాద్‌లో ఉన్నవాళ్ళంతా ఈ జిల్లాలో ఉన్నట్టే. నేను ఈ జిల్లాలో ఉన్నాను. కాబట్టి వికారాబాద్‌లో ఉన్నాను. ఉన్నాను, నిజమే. కానీ వాదం తప్పు. అదే వాదం నువ్వు చెబితే తాండూరులో కూర్చుని వికారాబాద్‌లో ఉన్నట్టవుతుంది. కాబట్టి తర్కం తెలిసినవాడిగా నేను చెప్పగలిగింది ఒక్కటే. బావ దొంగ అని రుజువు కాలేదు. దొంగ కాదని కూడా రుజువు కాలేదు. నమ్మకం వేరు, రుజువు వేరు. బడి పేరు వేసి సంతకం పెట్టమంటే నేను రుజువైనదే రాయగలను.

కోపగించుకోకు. హన్మయ్య తాత చేసిన తప్పునే మనమూ చేస్తే ఇక తేడా ఏముంది? పరీక్ష దగ్గర పడింది. బడి, పాఠం, వంట, ఏ ఒక్కటీ సరిగ్గా సాగడం లేదు. చొక్కా గొడవ ఇప్పుడెందుకు, ఎప్పటి మాటో.

కిష్టప్ప


వికారాబాద్,
2 మార్చి 1960

అక్కకు,

పద్దెనిమిది రోజులైంది, నీ దగ్గర నుంచి ముక్క లేదు. పోస్టు అజమత్‌ను రోజూ అడుగుతున్నాను. నన్ను చూస్తేనే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడటం లేదు, నువ్వు ఎందుకు రాయలేదన్నదే కనబడుతోంది.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. దాచేది ఏదైనా ఉంటే మనిషి మాట్లాడడు. బావ గంటు గురించి మాట్లాడలేదు. ఇప్పుడు నువ్వూ మాట్లాడటం లేదు. ఆ రెండు పిల్లలు వానలో కలిసిపోయి వచ్చాయని బావకు తెలిసీ ఊరుకున్నాడా? నీకు ఈమధ్యనే తెలిసిందా? అట్లా అయితే నాకు చెప్పు. తప్పు ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. రెండు గొర్రెలు పోతే పోతాయి, మంద నిలుస్తుంది. వచ్చి నేనే తాతతో మాట్లాడతాను.

తమ్ముడు, కిష్టప్ప


తాండూరు,
10 మార్చి 1960

కిష్టప్పా,

నా కుడి బొటనవేలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. మంద ఒంటిదైపోయింది కదా, మీ బావకు తోడుగా నేనూ అడవికి పోతున్నాను. మూడు వారాలు కలం పట్టలేకపోయాను. అందుకని రాయలేదు. కోపం వల్ల కాదు. కోపం ఉంటే ఇంకా ఎక్కువ రాసేదాన్ని.

దాచేవాడు మాట్లాడడు, బుగ్గమ్మ మాట్లాడటం లేదు, కాబట్టి దాస్తోంది. ఇదేనా నువ్వు రాసింది? నీ పుస్తకం తెరిచి మొదటి పాఠం చూసుకో. వెనక నుంచి ముందుకు తేల్చకూడదని తాతకు చెప్పమన్నావు. తాతకు చదువు లేదు, నీకేం రోగం? తాత అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. నువ్వన్నప్పుడు కోపం కూడా రాలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

నీ ఉత్తరాలు మీ బావ దగ్గర నేను ఎప్పుడూ దాచలేదు. ఇదీ దాచలేదు, మందలో బండ మీద కూర్చుని చదివాను. తర్వాత ఈ మాటలన్నాడు. అన్నవి అన్నట్టే రాస్తున్నాను.

"కిష్టప్పను చదువుకున్నడని రమ్మనలే. గా పొద్దు పిల్లలను పట్టుకున్నది ఆయననే."

మూడేళ్ళ కింద దసరా సెలవులకు నువ్వొచ్చావు. దొడ్లో మీ బావ పిల్లల చెవులు కోస్తుంటే నువ్వు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నావట. కొసకు కోత పెట్టాక మీ బావ చెయ్యి వణికి కత్తి జారి ఒక పిల్ల కింది అంచున గంటు పడింది. ఇంకోదానికీ అట్లాగే పడింది. నెత్తురు నీ చొక్కాకు అయింది. మీ అక్కకు చెప్పకు అని మీ బావ నీ చెయ్యి పట్టుకున్నాడట. నువ్వు చెప్పనని మాట ఇచ్చి, నా దగ్గరికి వచ్చి ముళ్ళకంచె అన్నావు.

ఎందుకు దాచాడో నీకు తెలుసో తెలియదో. మా వీధిలో, ఈ గేరిలో, అయిదిళ్ళ గొర్రెపిల్లలకు చెవి కోసే చెయ్యి మీ బావది. అంతకు ముందు మా మామది. ఆ కత్తి వణికే చేతిలో ఎవరూ పెట్టరు. ఆ దసరా తర్వాత కళ్ళు సరిగ్గా ఆనడం లేదని చెప్పి కత్తిని ఇంట్లో చూరులో పెట్టేశాడు. అదీ అబద్ధమే, నేను నమ్మాను. కళ్ళు బాగయ్యేదాకా అని అప్పటి నుంచి ఎవరి పిల్లలకు వాళ్ళే కోసుకుంటున్నారు. ఎప్పుడూ కర్ర మీద చెయ్యి ఉంటుంది కాబట్టి ఆ వణుకు ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు, పదిహేనేళ్ళ కాపురంలో. ఇప్పుడు తనే చెబితే తప్పించుకోవడానికి అల్లాడంటారు. చూసినవాడు చెప్పాలి. చూసినవాడివి నువ్వొక్కడివే.

మరి ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదయ్యా అని అరిచాను. నువ్వు ఇచ్చిన మాటకు కట్టుబడి ఉత్తరంలో ఆ సంగతి ఎత్తడం లేదనుకున్నాడట. "మాట నిలబెట్టుకునేటోడు నోరు ఇప్పడు. కిష్టప్ప ఇప్పలే. మంచోడు," అన్నాడు. చూశావా, మీ బావ కూడా నీలాగే తప్పుగా తేల్చాడు. కానీ మంచివైపు తేల్చాడు.

నాకు నీ తర్కం వద్దు. గంటుకు వేరే కారణం ఉండొచ్చు అని రాశావే, ఆ కారణం నీ ఒళ్ళో కూర్చుని నీ చొక్కా పాడుచేసింది. గురువారం, 24. బీరప్ప గుడి ముందు.

బుగ్గమ్మ


వికారాబాద్,
14 మార్చి 1960

అక్కా,

మాట నిలబెట్టుకోవడం కాదు. మరిచిపోయాను. చొక్కా గుర్తుంది, మరక గుర్తుంది, పిల్లలను పట్టుకున్నదీ గుర్తుంది, కత్తి జారిందీ నేను మాట ఇచ్చిందీ గుర్తు లేదు. నీ ఉత్తరం చదువుతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నది గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది. జ్వరం, చలి, ముసలితనం అని నీకు పేరు పేరునా రాశాను, ఆ ఒక్క చెయ్యి మాత్రం తట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంకో సంగతి ఉంది. 24వ తేదీ పొద్దున పట్నంలో నా తర్కం పేపరు. రెండేళ్ళుగా దాని కోసమే చదువుతున్నాను. ఆ పేపరు తప్పితే పరీక్ష మొత్తం తప్పినట్టే. ఒక్క రోజు ముందుకో వెనక్కో జరపమని తాతను అడుగు. నేను వస్తాను.

కిష్టప్ప


తాండూరు,
17 మార్చి 1960

అడిగాను. కులం ఒకసారి కట్టిన రోజు మార్చదట. నువ్వు పరీక్ష రాసుకొమ్మని మీ బావ చెప్పమన్నాడు. నేను చెప్పమనలేదు.

బుగ్గమ్మ


తాండూరు,
26 మార్చి 1960

తమ్ముడికి,

గురువారం పొద్దు వాలాక మీ బావ ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, అయిపోయింది అన్నాడు. ఏమైంది అంటే, కలుపుకున్నరు అన్నాడు. కిష్టప్ప వచ్చాడా అంటే, వచ్చిండు, పోయిండు అన్నాడు. నాలుగు మాటలు ఖర్చయినందుకు అలిసిపోయి పడుకున్నాడు. పక్కింటి చంద్రవ్వ అంతవరకూ మా గడప వైపు చూడని మనిషి, పొయ్యిలోకి నిప్పు తెచ్చి ఇచ్చింది. ఆ నిప్పు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఈసారి పొగ వల్ల కాదు.

నువ్వు గుడి దగ్గర నుంచి అటే స్టేషన్‌కు పోయావట. ఆరు నెలలుగా నీ మొహం చూడలేదు. ఇంట్లో జొన్నరొట్టెలు చేసి పెట్టాను. నువ్వు వస్తావని తెలిసి కాదు, రావని నమ్మబుద్ధి కాక. ఆడవాళ్ళను అక్కడికి రానివ్వరు. ఏమైందో మొత్తం రాయి. ఈసారి కూడా పాఠం రాస్తే చించి పొయ్యిలో వేస్తాను.

అక్క


వికారాబాద్,
29 మార్చి 1960

అక్కా,

నీకు మొహం చూపించలేక వెళ్ళిపోయాను. పాసింజరుకు టైమైందన్నది కూడా నిజమే గానీ అది రెండో కారణం.

మధ్యాహ్నానికి గుడి దగ్గరికి చేరాను. నా నెంబరు వేసిన బల్ల ఆ పొద్దున పట్నంలో ఖాళీగా ఉండి ఉంటుంది. బావ నన్ను చూసి తల దించుకున్నాడు. నేను చూసింది చెప్పాను. దసరా సెలవులు, దొడ్డి, ఒళ్ళో పిల్లలు, కత్తి జారడం, రెండు గంట్లు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు నెలలుగా నీకు రాసిన కాగితాలన్నిటి కంటే అది చిన్నది. బావ కర్రను గోడకు ఆనించి చెయ్యి చాపి నిలబడ్డాడు. అది వణుకుతూ ఉంది. అయిదిళ్ళ వాళ్ళూ చూశారు. ఆ నిమిషం ఆయన పడ్డది నేను పడలేను.

శివయ్య లేచి, బామ్మర్ది బావ వైపు కాక ఎవరి వైపు చెబుతాడు అన్నాడు. తిట్టబుద్ధయింది గానీ అడగాల్సిన మాటే అడిగాడు. హన్మయ్య తాత పసుపు గిన్నె దగ్గరికి లాక్కుని, "పంతులు చేతిల గూడ బండారు పొయ్యండ్రి," అన్నాడు.

తానే పోశాడు. పోసేటప్పుడు ఆయన చెయ్యి ఎంత వణికిందంటే సగం నా వేళ్ళ సందుల్లో నుంచి కిందపడింది. అందరూ చూశారు. ఒక్కరూ ఆయనను దొంగ అనుకోలేదు. తాతా, మరి నీ చెయ్యి సంగతేంది అని నోటిదాకా వచ్చింది. నా సంగతి నీకు తెలుసు కదా. బావ నా వైపు చూశాడు. నోరు మూసుకుని గుడి చుట్టూ తిరిగి వచ్చాను. ఎనిమిదేళ్ళుగా బోర్డు మీద గుండ్రంగా రాసే చెయ్యి, వణకలేదు.

"అబద్ధమాడేటోని చెయ్యి వణుకుతది. ఈయనది వణకలే. అబద్ధం ఆడలే," అన్నాడు తాత. అంతే, లేచారు. శివయ్య వచ్చి బావ కర్ర తీసి ఆయన చేతికి ఇచ్చాడు.

చించొద్దు, పాఠం కాదు, ఒక్క ముక్క. ఈసారి తాత వాదం అచ్చులో తప్పు లేదక్కా. వణకడం నుంచి దొంగ అని తేల్చడం తప్పు. కానీ అబద్ధమాడితే వణుకుతుందని ఒప్పుకుంటే, వణకనివాడు అబద్ధమాడలేదని ఒప్పుకోక తప్పదు. పుస్తకం ప్రకారం సరైన వాదం. ఒప్పుకున్న ఆ మొదటి మాటే అబద్ధం. వణకని చేత్తో ఎంతమంది అబద్ధాలాడారో. నేనే మార్చి రెండున బావను అనుమానిస్తూ ఉత్తరం రాశాను, ఒక్క అక్షరం వంకర పోలేదు. ఆ మొదటి మాటను రెండు నెలల్లో ఒక్కసారి కూడా నేను పట్టుకోలేదు. మాటలు నిజమా కాదా చూడకూడదని నీకు నేర్పింది నేనే. బావ నిజంగానే దొంగ కాదు, అది తేలింది మాత్రం ఇట్లా. ఇది నాకు మింగుడు పడటం లేదు. తాతకు ఎప్పుడైనా నిదానంగా చెప్పాలి.

మా బావ దొంగ కాదు.
కిష్టప్ప, ఉపాధ్యాయుడు, ప్రాథమిక పాఠశాల, వికారాబాద్.

ఆ వాక్యం అప్పుడే రాయాల్సింది.


తాండూరు,
8 ఏప్రిల్ 1960

తమ్ముడికి,

తాతకు ఏమీ చెప్పొద్దు. ఆయన సరిగ్గా ఆలోచించడం నేర్చుకుంటే మళ్ళీ మొదటి నుంచి కూర్చుంటారు.

నీ సంతకం ఉన్న ఆ వాక్యం చించి దేవుడి గూట్లో పెట్టాను. ఎవరికీ చూపించలేదు, ఇప్పుడు అవసరం లేదు. మీ బావకు మాత్రం చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.

మందలు నిన్న కదిలాయి. ఆరు మందలు, అందులో మనది నడుమ. కానీ చెవికోత కత్తిని మొన్న తాత ఇంటికి పిలిపించి మీ బావ దగ్గర నుంచి తీసుకున్నారు. ఇక శివయ్య ఇంటివాళ్ళు కోస్తారట. మీ బావ తుడిచి, పిడి వైపు తిప్పి ఇచ్చి వచ్చాడు. ఇంటికి వచ్చాక అన్నం కలుపుకుంటూ అట్లాగే కూర్చున్నాడు. దొంగ కాదనిపించుకోవడానికి ఆయన ఇచ్చింది అది. నీకు పోయిన పరీక్ష సెప్టెంబరులో మళ్ళీ వస్తుంది. ఆ కత్తి మళ్ళీ రాదు. ఇది నిన్ను బాధ పెట్టాలని రాయడం లేదు, నీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను. జనవరిలోనే వచ్చి ఒక్క తాత చెవిలో చెప్పి ఉంటే ఆ చెయ్యిని అందరి ముందు చాపే పని ఉండేది కాదేమో. కాదేమో అంటున్నాను, కాదని తేల్చడం లేదు.

గంటు పడ్డ ఆ రెండు గొర్రెల్లో ఒకటి కదిలే ముందు రోజే ఈనింది. పిల్ల నడవలేదని తల్లినీ పిల్లనూ నా దగ్గరే వదిలి పోయాడు. పోయే ముందు దొడ్లో కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకుని, కూరగాయల కత్తి తెమ్మన్నాడు. శివయ్య వాళ్ళను పిలవనా అన్నాను. "నువ్వే కొయ్యి," అన్నాడు. ఆడవాళ్ళు చెవి కోయడం మా గేరిలో లేదు. అయినా ఆయన పట్టుకున్నాడు, నేను కోశాను. కొసకు ఒక్క కోత, కింద గంటు లేదు.

నా చెయ్యి వణకలేదు. దాన్నుంచి ఏమీ తేల్చకు.

అక్క, బుగ్గమ్మ